కునుకమ్మ పేరున ఒక ఫోను

కిందటి వారం మనం కునుకమ్మను బ్యాంకు మెట్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న పరుపుల షాపును తనే కొనుక్కుందామని అప్పు కోసం వెళితే, ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని, "మీ పేరున తీసుకున్న మొబైలు ఫోనుకి ఎనిమిది వాయిదాలు నిలిచిపోయాయండీ. ముందు ఆ బాకీ లేదని కాగితం పట్రండి," అని ఫైలు ఇవతలికి తోసేశాడు. కునుకమ్మ దగ్గర ఉన్నదల్లా రబ్బరు బ్యాండు చుట్టిన బటన్ల ఫోను. దాన్ని ఎవరూ వాయిదాల మీద అమ్మరు, ఊరికే ఇస్తామన్నా ఎవరూ పుచ్చుకోరు. గడువేమో శనివారం. షాపు యజమాని పెద్దాయన. కాగితాలు ఆయన భార్య పేరున, అంటే పెద్దమ్మ పేరున ఉన్నా, అక్కడ ఆయన మాటే మాట. వేరే ఊళ్ళో కూతురి ఇంట్లో మంచాన పడ్డ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలని ఆయన తొందరపడుతున్నాడు. శనివారంలోగా కునుకమ్మ డబ్బు చూపించకపోతే షాపు పరాయివాళ్ళకి పోతుంది. ఇవాళ గురువారం.

కొత్తగా ఈ కథలోకి వస్తున్నవాళ్ళకి ఆమె పేరు సంగతి చెప్పాలి. ఆ షాపులో ఒక ఆనవాయితీ ఉంది. కుట్టడం పూర్తయిన ఏ పరుపూ మనిషి పడుకుని చూడకుండా గడప దాటదు. మధ్యాహ్నం రెండు గంటలకి కునుకమ్మ చెప్పులు, గాజులు, బటన్ల ఫోను తీసి పెద్దాయన సొరుగులో పెట్టి కొత్త పరుపు మీద పడుకుంటుంది. ఎడమ పక్కకి కాసేపు, కుడి పక్కకి కాసేపు, ఆ తర్వాత వెల్లకిలా. దూది ఎక్కడ గడ్డ కట్టిందో, ఎక్కడ పలచబడిందో ఆమె వీపుకి తెలిసిపోతుంది. అసలు పరీక్ష మాత్రం నిద్రే. పావుగంటలో నిద్ర పట్టి, ఒక కల వస్తే పరుపు పాసైనట్టు. నిద్ర పట్టకపోతే కుట్లు విప్పి మళ్ళీ దూది ఏకాల్సిందే. ఆ లెక్కన ఊళ్ళో సగంమంది పడుకునే పరుపుల మీద మొదటి కల కునుకమ్మదే. "నిద్రపోయినందుకు జీతం తెచ్చే పెళ్ళాం నాకు తప్ప ఎవరికి దొరుకుతుంది?" అని బస్సు డిపోలో మెకానిక్కుగా చేస్తున్న ఆమె మొగుడు కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటాడు.

సరే, బ్యాంకు మెట్లు దిగిన కునుకమ్మ అడ్రసు వెతుక్కుంటూ ఆ ఫైనాన్సు కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. పళ్ళ డాక్టరు క్లినిక్కు పైన, మూడో అంతస్తు. కింద ఎవరి పన్నో రంధ్రం చేస్తున్న చప్పుడు మెట్లంతా వెంటాడింది. గదిలో నీలం కుర్చీలు, గాజు వెనక ఒక గుమాస్తా అమ్మాయి, ఆ అమ్మాయి చేతిలో తడిసి ముద్దయిన రుమాలు. విపరీతమైన జలుబుతో ఉంది పాపం. సెలవు దొరికి ఉండదు.

కునుకమ్మ గుర్తింపు కార్డు గాజు కిందనుంచి లోపలికి తోసింది. ఆ అమ్మాయి నంబరు కొట్టి, తుమ్మి, కంప్యూటరు వంక చూసింది.

"పదకొండు నెలల కింద తీసుకున్నారు. మూడు వాయిదాలు కట్టారు. తర్వాత ఆపేశారు."

"నేను తీసుకోలేదమ్మా."

"అందరూ అదే అంటారు మేడమ్," అంది గుమాస్తా అమ్మాయి, విసుగు లేకుండానే. రోజుకి నలభైసార్లు చెప్పే మాట కదా, విసుగు కూడా అరిగిపోయి ఉంటుంది. "రెండు వాయిదాలు తప్పగానే మేం ఇక్కడనుంచే ఫోను లాక్ చేసేస్తాం. తెర మీద 'వాయిదా కట్టండి' అన్న మాటొక్కటే కనిపిస్తుంది. ఫోను రాదు, పోదు. ఫొటోలు తెరుచుకోవు. దాంతో చాలామంది పరుగెత్తుకుంటూ వచ్చి కట్టేస్తారు. మీరు రాలేదు. అప్పుడు జరిమానా మొదలవుతుంది. అప్పటికీ కట్టకపోతే మీ పేరు మీద మచ్చ పడుతుంది. ఏ బ్యాంకుకెళ్ళినా ముందు అదే కనబడుతుంది."

"నాకొక్క మాట చెప్పాలి కదమ్మా. ఫోనైనా చెయ్యాలి కదా?"

"చెయ్యలేదనుకుంటున్నారా?" ఆ అమ్మాయికి ఇప్పుడు నిజంగానే రోషం వచ్చింది. "మీ నంబరుకే చేశాం, నెలనెలా. నేనే చేశాను. మీ వరస నాకు మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. వినండి, నేను రాసిందే చదువుతాను. 'కస్టమర్ పడుకున్నారు.' తర్వాతి నెల, 'పడుకున్నారు, లేపలేమన్నారు.' ఆ పై నెల, 'ఇంకా పడుకునే ఉన్నారు.' మా మేనేజరు నన్ను పిలిచి, ఏంటమ్మా ఇది, బతికే ఉన్నారా అని అడిగాడు. ఎప్పుడు చేసినా పడుకునే ఉంటారా మేడమ్ మీరు?"

"రెండు గంటలకి పడుకునే ఉంటానమ్మా. అదే నా ఉద్యోగం."

గుమాస్తా అమ్మాయి ముక్కు తుడుచుకోవడం మరిచిపోయి ఆమె వంక చూసింది. కునుకమ్మ పరుపుల సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి కళ్ళు మెల్లగా బరువెక్కాయి. మూడు రాత్రులుగా జలుబుతో నిద్రలేని మనిషి ముందు పరుపుల గురించి మాట్లాడితే అంతే మరి. చివరికి ఆమె కంప్యూటరు తెరను కొద్దిగా ఇటు తిప్పింది.

"చూపించకూడదు, కానీ చూడండి. ఫోను ఇచ్చేటప్పుడు తీసిన ఫొటో. ఇది మీరు కాదా?"

కునుకమ్మ గాజుకి ముఖం ఆనించి చూసింది. తనే. జుట్టు చెదిరి, కళ్ళు సగం తెరిచి, ఎవరినో చూసి నవ్వుతోంది. అంత హాయిగా తను నవ్వగలదని ఆమెకే తెలియదు. పెళ్ళి ఫొటోలో కూడా మూతి బిగించుకునే ఉంటుంది. తల కింద తెల్లటి పరుపు గుడ్డ, దాని మీద నీలి చార, ఆ చారకి అటూ ఇటూ దారమంత సన్నటి ఎర్ర గీతలు.

"కళ్ళు ఆర్పి తెరిచినట్టు కూడా రికార్డయింది," అంది అమ్మాయి. "బొమ్మని చూపించి మోసం చెయ్యకుండా అలా ఆర్పమంటాం. మీరు ఆర్పారు. హామీగా ఇంకొకరి వివరం కూడా ఉంది. సంబంధం, తండ్రి."

"నాకు తండ్రి లేడు."

ఆ మాట అన్నాక కునుకమ్మ గాజు మీదనుంచి ముఖం తీసింది. కళ్ళు ఆర్పి తెరవడం ఆమెకి గుర్తుంది. చాలా బాగా గుర్తుంది. అది కల.

ఆ కలలో ఆమె ఒక పడవలో పడుకుని ఉంది. పడవ కింద నీళ్ళు లేవు. ఏకిన దూది, తెల్లగా, ఎంత దూరం చూసినా దూదే. పడవ దాని మీద చప్పుడు లేకుండా జరిగిపోతోంది. ఎండ వెచ్చగా ఉంది కానీ సూర్యుడు ఎక్కడా లేడు. ఎక్కడికి పోతున్నామన్న బెంగ కూడా లేదు. ఉన్నట్టుండి ఎవరో పడవ మీదికి వంగి, "అమ్మాయ్, ఒక్కసారి ఇటు చూడు. ఆఁ. కళ్ళు ఆర్పు. మళ్ళీ తెరువు. చాలు తల్లీ, పడుకో," అన్నారు. వెలుగు ఆయన వెనకనుంచి పడుతోంది, ముఖం తెలియలేదు. అయినా ఆ వంగినది నాన్నేనని ఆమెకి అనుమానం లేకుండా తెలిసింది. కునుకమ్మకి రెండేళ్ళప్పుడు పోయాడు ఆయన. ఒక్క ఫొటో కూడా లేదు. నాన్న ఎలా ఉండేవాడని అడిగితే అమ్మ, "మంచివాడు," అని ఊరుకునేది. మంచితనానికి ముక్కూ మూతీ ఉంటాయా? అలాంటిది, ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, ఒక మధ్యాహ్నం, నాన్న వచ్చి పలకరించి వెళ్ళాడు. ఆ కలని ఆమె ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. చెబితే రంగు వెలుస్తుందని భయం. మనసు బాగాలేని రోజున ఒక్కసారి తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకునేది.

ఇదిగో, ఆ కల ఇక్కడ ఫైలులో ఉంది. తారీకుతో సహా.

కునుకమ్మకి ఏడుపొచ్చింది. తన ముఖాన్ని వాడుకున్నారంటే పోనీలే అనుకునేదేమో, నాన్నని కూడా వాడేసుకున్నారు. గుమాస్తా అమ్మాయి గాజు కిందనుంచి రుమాలు ఇవ్వబోయి, దాని స్థితి చూసి తనే వెనక్కి తీసుకుంది.

ఏడుస్తూనే కునుకమ్మ ఆ చారల వంక మళ్ళీ చూసింది. ఆ గుడ్డ ఆమెకి తెలుసు. మిల్లువాళ్ళు పొరపాటున పంపిన తాను అది. తిరిగి పంపేలోగా దానితో ఒకే ఒక్క పరుపు కుట్టారు. ఆ వారం, షాపులో అంచులు కుట్టే వదిన కూతురి పురిటికని సెలవు పెట్టింది. కాబట్టి ఆ పరుపు అంచులు కూడా కునుకమ్మే కుట్టి, వేలికి దబ్బనం గుచ్చుకుని, అదే మధ్యాహ్నం దాని మీద పడుకుంది. అప్పుడు షాపులో ఉన్నది ఇద్దరే ఇద్దరు. ఒకరు తను.

"ఏం చెయ్యాలమ్మా ఇప్పుడు?"

"రెండు దారులున్నాయి," అంది అమ్మాయి. గొంతు మెత్తబడింది. "జరిమానాతో సహా మొత్తం కట్టేస్తే ఫోను వెంటనే తెరుచుకుంటుంది, రేపటికి కాగితం ఇస్తాం. లేదా ఇదిగో, ఈ ఫారం. నాకు తెలియకుండా నా పేరున తీసుకున్నారని రాసివ్వండి. పైసా కట్టక్కర్లేదు, మీ పేరు శుభ్రమైపోతుంది. కానీ ఈ గీత మీద చేసినవాళ్ళ పేరు రాయాలి. పేరు లేకపోతే తీసుకోం."

"రాస్తే వాళ్ళనేం చేస్తారు?"

"కేసవుతుంది మేడమ్. పోలీసులు వస్తారు. ఏదైనా ఇవాళ ఐదింటిలోపు ఇస్తేనే మీ శనివారానికి పనవుతుంది."

కునుకమ్మ ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ సంచిలోనే బ్యాంకులో చూపించడానికి తెచ్చిన డబ్బు ఉంది, ఆరేళ్ళు కూడబెట్టినది. సగం మీరు పెట్టుకుంటేనే మిగతా సగం మేమిస్తామని బ్యాంకువాళ్ళ షరతు. సరిగ్గా ఆ సగానికి సరిపోతుంది. ఇందులోంచి ఫోను బాకీ తీస్తే ఆ సగానికి తక్కువ పడుతుంది. ఇంక షాపు మాట మరిచిపోవాల్సిందే.

ఆమె షాపు చేరేసరికి మూడున్నర. అంచుల వదిన గిరాకీ ఇంటికి కొలతలకని వెళ్ళింది. దూది ఏకే యంత్రం ఆగి ఉంది కానీ, అది పొద్దున లేపిన నూగు ఇంకా గాలిలోంచి కిందికి దిగలేదు. పై కిటికీలోంచి పడే ఎండలో ఆ నూగు ఎటూ తేల్చుకోలేనట్టు తిరుగుతోంది. షాపులో అందరి కనుబొమ్మలూ సాయంత్రానికి తెల్లబడతాయి. పెద్దాయనవి మాత్రం అసలే తెలుపు కాబట్టి ఆయనకి పనిరోజుకీ సెలవురోజుకీ తేడా తెలియదు. పరుపు మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని దబ్బనంతో కుట్లు వేస్తున్నాడు.

"వచ్చావా? ఇవాళ పరుపుకి పరీక్ష ఉండిపోయింది. నేను పడుకుని చూశాను కానీ నాకు నిద్ర పట్టలేదు. ముసలి వీపు, అబద్ధాలు చెబుతుంది," అన్నాడు. "బ్యాంకులో ఏమన్నారు?"

కునుకమ్మ ఫారం తీసి, విప్పి, ఆయన ముందు పరుపు మీద పెట్టింది. మూలన చిన్న ఫొటో అచ్చయి ఉంది.

పెద్దాయన దాన్ని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. దబ్బనం జాగ్రత్తగా గుడ్డకి గుచ్చి పెట్టాడు. "ఏంటిది?" అన్నాడు, కానీ ఆ అడగడంలో పసలేదు.

"మీరే చెప్పండి."

"ఫొటో బాగా వచ్చింది."

"పెద్దాయనా!"

ఆ షాపులో పద్దెనిమిదేళ్ళలో ఆమె గొంతు అంత పైకి లేవలేదు. ఆయన కిటికీ వంక చూశాడు. ఎండలోని నూగునంతా లెక్కపెట్టేవాడిలా చాలాసేపు చూశాడు. చివరికి పరుపు అంచుకి జరిగి, కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాడు.

"పెద్దమ్మకి చెవులు వినబడవని నీకు తెలుసు కదా."

తెలుసు. పెద్దమ్మ పెదవులు చూసి మాట అర్థం చేసుకుంటుంది. ఎదురుగా ఉంటే చాలు, గుసగుసలు కూడా పట్టేస్తుంది. అందుకే షాపులో ఎవరూ ఆమె ముందు చాడీలు చెప్పుకునేవారు కాదు.

"తుంటి విరిగాక మా అమ్మాయి ఇంటికి వెళ్ళింది. మామూలు ఫోనులో ఆవిడతో ఏం మాట్లాడను? అమ్మాయిని అడిగితే, బాగానే ఉంది నాన్నా అంటుంది, పెట్టేస్తుంది. మొహం కనబడే ఫోను ఉంటే మాట్లాడుకోవచ్చని ఎవరో చెప్పారు. పక్క సందులో ఫోన్లు అమ్మేవాడు ఉండేవాడు కదా, వాడి దగ్గరికెళ్ళాను. వాయిదాల మీద ఇస్తాను కానీ మీ వయసుకి కంపెనీ ఒప్పుకోదు తాతా అన్నాడు. ఇంట్లో చిన్నవాళ్ళెవరైనా ఉన్నారా అన్నాడు." ఆయన ఆగాడు. "కూతురుంది అన్నాను."

"మీ కూతురు ఆ ఊళ్ళో ఉంది."

"ఆ కూతురి సంగతి కాదు నేనన్నది."

 సంబంధం, తండ్రి అని గుమాస్తా అమ్మాయి చదివిన మాట కునుకమ్మ చెవుల్లో తిరిగింది.

"వాడు మిషను పట్టుకుని ఇక్కడికే వచ్చాడు. నీ కార్డు నకలు సొరుగులో ఉంది, నీ ఫోనూ సొరుగులో ఉంది. దాంట్లో ఏదో నంబరు వస్తే చూసుకున్నాడు. లేపమన్నాడు. నువ్వు మంచి నిద్రలో ఉన్నావు. లేపితే పరుపు పరీక్ష చెడిపోతుంది. పిలిచాను, చూశావు, నవ్వావు, మళ్ళీ పడుకున్నావు. లేచాక చెబుదామనుకున్నాను. లేచాక నువ్వు చాలా సంతోషంగా ఉన్నావు, ఏదో పాట పాడుకుంటున్నావు. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు."

"ఎందుకు కట్టలేదు మరి?"

"కట్టాను! నెలనెలా వాడి చేతిలో పెట్టాను. మూడు నెలలు కట్టాను. నాలుగో నెల వెళితే అక్కడ ఫోన్ల కొట్టు లేదు, చెప్పుల కొట్టుంది. వాడెక్కడికి పోయాడో చెప్పులవాడికి తెలియదు. నేను బాకీ పడింది వాడికి కదా, వాడొస్తే ఇద్దామనుకున్నాను. ఒక నెల డబ్బు పక్కన పెట్టాను కూడా. తర్వాత పత్తి ధర పెరిగింది, అందులో కలిసిపోయింది." ఆయన సొరుగు తెరిచి, పాత గుడ్డలో చుట్టిన ఫోను తీశాడు. మీట నొక్కితే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వెలిగాయి. వాయిదా కట్టండి. "ఒకరోజు రెండింటికి ఆవిడతో మాట్లాడుతున్నాను. నువ్వు పక్కనే పడుకున్నావు. పెద్దమ్మ ఏదో అడగబోతోంది. ఇది వచ్చింది. అంతే."

"నాకు ఫోను చేసినవాళ్ళకి పడుకుందని చెప్పింది మీరేగా?"

"నిజమే కదమ్మా చెప్పాను."

కునుకమ్మకి ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో దగ్గు వచ్చింది. ఆయన లేచి నీళ్ళిచ్చాడు.

"తెలిసినవాళ్ళ ఫోనులోంచైనా మాట్లాడి ఉండచ్చు కదా," అంది గ్లాసు పెట్టేసి.

"అడుగుదామనుకుని, ముందు అమ్మాయికి చెబుదామని మామూలు ఫోను చేశాను. అమ్మకి మతిమరుపు వచ్చింది నాన్నా అంది. నువ్వెవరో గుర్తులేదు, నీ ఫొటో చూపిస్తే భయపడి ఏడుస్తోంది, కొన్నాళ్ళు ఫోన్లవీ వద్దు అంది." పెద్దాయన ఫోను తెరని ధోవతి అంచుతో తుడిచాడు. "రోజూ కనబడి ఉంటే మరిచిపోయేది కాదమ్మా. ఐదు నెలలు రోజూ చూసింది, అప్పుడు బాగానే ఉంది. ఇది ఆగిపోయాకే నేను పోయాను ఆవిడ బుర్రలోంచి. షాపెందుకు అమ్ముతున్నావని అందరూ అడిగారు. వెళ్ళి ఎదురుగా కూర్చుంటాను. ఎవరండీ మీరంటే ఫలానా అని చెబుతాను. రోజూ చెబుతాను."

కునుకమ్మ ఆయన పక్కనే పరుపు అంచు మీద కూర్చుంది.  యంత్రం ఆగిన షాపులో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, దూది మీద పడ్డ మాట ఎవరిదైనా అక్కడే ఇంకిపోతుంది. ఆమెకి కోపం పోలేదు. ఆ కోపం కిందనే ఇంకేదో ఉంది, దానికి పేరు పెట్టడం ఆమెకి రాలేదు.

"ఆ రోజు నాకు కలలో నాన్న కనబడ్డాడు," అంది చివరికి. "ఇటు చూడు, కళ్ళు ఆర్పు అన్నాడు. మీరని తెలియదు నాకు."

పెద్దాయన తల దించుకున్నాడు. ఆయన భుజాలు కదలడం ఆమె చూసింది, చూడనట్టు ముఖం తిప్పుకుంది. కాసేపటికి ఆయన చెయ్యి చాచి, ఆమె సంచిలోంచి పెన్ను తీసుకున్నాడు. ఫారాన్ని మోకాలి మీద పెట్టుకుని, "ఈ గీత మీదేనా?" అన్నాడు. "నా పేరు నేనే రాస్తాను. అక్షరాలు నీకంటే నావే గుండ్రంగా ఉంటాయి. నీ డబ్బు నీకు ఉంటుంది, షాపూ నీకు ఉంటుంది. నన్నేం చేస్తారు, ఈ వయసులో?"

మొదటి అక్షరం పూర్తి కాకముందే కునుకమ్మ ఫారం లాగేసుకుంది. రెండుగా చింపింది. అది చాలక నాలుగుగా చింపింది.

"మిమ్మల్ని పోలీసు స్టేషన్లో బల్ల మీద పడుకోబెట్టి, నేనిక్కడ కొత్త పరుపు మీద పడుకుంటానా? నాకు నిద్ర పడుతుందా? లేవండి. ఐదింటికి మూసేస్తారట."

"మరి షాపు?"

"షాపు సంగతి దారిలో ఏడుస్తాను. ముందు చెప్పులేసుకోండి."

అలా అనేసింది కానీ, షాపుకి తాళం వేశాక ఒకసారి లాగి చూసి, మళ్ళీ లాగి చూసింది. ఆ తాళం చెవి శనివారం నుంచి తనదనుకుంది. దారిలో ఏడవలేదు. పెద్దాయన రోడ్డు దాటడానికి భయపడతాడు, ఆయన మోచెయ్యి పట్టుకోవడంతోనే సరిపోయింది.

మూడో అంతస్తు ఎక్కేసరికి పదిహేను నిమిషాలు మిగిలాయి. గుమాస్తా అమ్మాయి డబ్బు లెక్కపెట్టుకుని రసీదు ఇస్తూ, నీలం కుర్చీలో ఆయాసపడుతున్న ముసలాయనతో, "నీళ్ళు కావాలా తాతగారూ?" అంది.

"వద్దమ్మా, ఊపిరి ఆడితే చాలు."

ఆ గొంతు వినగానే ఆ అమ్మాయి చెయ్యి గాల్లో ఆగిపోయింది. "పడుకుందమ్మా, లేపలేను... అది మీరేనా?"

పెద్దాయన సిగ్గుపడ్డాడు. "నువ్వా? నీకు గొంతు బొంగురుపోయింది, పోల్చుకోలేదు. వేడినీళ్ళు తాగు."

ఆ అమ్మాయి కంప్యూటరు మీద నాలుగు మీటలు నొక్కింది. "చూడండిప్పుడు."

పెద్దాయన ఒళ్ళో ఉన్న ఫోను ఒకసారి ఆరిపోయి, మళ్ళీ వెలిగింది. తెల్లటి అక్షరాలు పోయాయి. వాటి వెనక ఇన్నాళ్ళూ దాక్కుని ఉన్న ఫొటో కనబడింది, పెద్దమ్మ, కిటికీ పక్కన, తల దువ్వుకుంటూ. ఆ తర్వాత ఫోను గురగురమని వణకడం మొదలుపెట్టింది. ఆగి, మళ్ళీ వణికింది. ఆయన భయపడి దాన్ని కునుకమ్మ చేతిలో పెట్టేశాడు. అది ఆమె చేతిలో కూడా ఆగలేదు.

"ఏమైందమ్మా దీనికి?"

గుమాస్తా అమ్మాయి గాజు వెనకనుంచి లేచి ఇవతలికి వచ్చింది. తెర వంక చూసి, రుమాలు మూతికి అడ్డం పెట్టుకుంది. "ఎత్తని వీడియో కాల్స్. లాక్ అయినప్పటినుంచీ వచ్చినవన్నీ ఇప్పుడు ఒక్కసారి చూపిస్తోంది. అన్నీ ఒకే నంబరు నుంచి. రోజూ రెండు గంటలకి." వేలితో కిందికి జరుపుతూ పోయింది. అలా జరుపుతూనే ఉంది, ఎంతకీ తరగలేదు. "చివరిది ఇవాళ."

"అది మా ఆవిడ దగ్గర ఉండే ఆయా నంబరు," అన్నాడు పెద్దాయన. "ఆయా ఎందుకు చేస్తుంది?"

 ఆ అమ్మాయే ఆయనకి ఎదురుగా ఫోను నిలబెట్టి, ఆ నంబరు నొక్కింది. కొంచెంసేపు మోగింది. తెర మీద ముందు ఇంటి కప్పు కనబడింది, తర్వాత ఎవరిదో చెవి, తర్వాత హడావిడిగా ఊగిపోయిన గోడ. చివరికి అది నిలకడగా ఆగింది. దిండుకి ఆనుకుని పెద్దమ్మ. కొద్దిగా చిక్కింది. జుట్టు చక్కగా దువ్వి ఉంది. ఆవిడ ఫోనులోకి ముందుకు వంగి, ఆయన పెదవుల వంకే చూస్తూ, చిన్నపిల్లని అడిగినట్టు మెల్లగా, ఒక్కొక్క మాటే విడదీసి అడిగింది.

"ఏమండీ, నేను మీకు గుర్తున్నానా?"

పెద్దాయన గబగబా తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"నిజంగా? నా పేరు చెప్పండి."

ఆయన చెప్పాడు. గొంతు రాలేదు, పెదవులు మాత్రమే కదిలాయి. ఆవిడకి అది చాలు. పెద్దమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. కాసేపటికి తేరుకుని గబగబా మాట్లాడడం మొదలుపెట్టింది, మళ్ళీ తెర ఆరిపోతుందేమో అన్నట్టు.

"అమ్మాయి చెప్పిందండీ, మీకు మతిమరుపు వచ్చిందని. నా పేరెత్తితే ఎవరావిడ అంటున్నారని, నా ఫొటో చూసి భయపడుతున్నారని. నేను నమ్మలేదు. ఆయా చేత రోజూ చేయిస్తూనే ఉన్నాను. ఒక్కసారి ఎత్తితే మొహం చూసి గుర్తుపడతారేమోనని. మీరు ఎత్తలేదు. ఇన్ని నెలలు ఎత్తలేదు. ఇంక నమ్మక చస్తానా?"

కునుకమ్మ తెర దగ్గరికి వంగింది. అవే మాటలు. గంట కిందట పరుపు అంచు మీద కూర్చుని పెద్దాయన చెప్పినవి, ఒక్కటి కూడా మారలేదు. ఒకే కథని ఇటు తిప్పి ఆయనకీ, అటు తిప్పి ఆవిడకీ చెప్పారు. పెద్దాయనకి ఇంకా అందలేదు, ఆయన నవ్వుతూ ఏడుస్తున్నాడు.

"అందుకేనండీ," అంది పెద్దమ్మ. "మతిలేని మనిషి షాపేం నడుపుతాడమ్మా, ఉన్నదీ పోతుంది అని అమ్మాయి గోల పెడితే, ఇవాళ పొద్దున ఆ కాగితాల మీద సంతకం పెట్టేశాను."

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. ఏ కాగితాలని అడిగాడు, ఎవరికి రాశావని అడిగాడు. పెద్దమ్మ కళ్ళు చికిలించి ఆయన పెదవులు చదివింది. జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. అంతలో తెర మీదికి అడ్డంగా ఒక చెయ్యి వచ్చింది. వెలుగు పోయి, మాట మాత్రం మిగిలింది.

"ఆయా, ఈ ఫోను అమ్మ చేతికి ఎవరిచ్చారు?" అంది కూతురి గొంతు.